రికవరీ డ్రైవ్‌కు పెట్టిన బొట్టు

నాకు కోపం రావడం ఆలస్యం, వచ్చాక పోవడం ఇంకా ఆలస్యం. ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక హోమియో డాక్టరుగారి క్లినిక్‌లో పదకొండేళ్ళు కంప్యూటరు ముందు కూర్చున్నాను. హోమియోలో రోగి చెప్పేదంతా రాసుకోవాలి. పులుపు ఇష్టమా, ఉరుమంటే భయమా, ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, కలలో ఏం కనిపిస్తుంది, ఇలా డాక్టరుగారు అడుగుతుంటే నేను టైపు చేసేదాన్ని. కాప్రా నుంచి చిలకలగూడ దాకా ఎందరెందరి కలలు నా వేళ్ళ మీదుగా ఆ సిస్టంలోకి వెళ్ళాయి. ప్రతి శనివారం సాయంత్రం సిస్టం మొత్తాన్ని అరచేయంత నల్లటి డ్రైవ్‌లోకి ఎక్కించి ఇంటికి పోయేదాన్ని. కంప్యూటరు ఎప్పుడైనా మొండికేస్తే ఆ రికవరీ డ్రైవ్ తగిలించి, ఆ శనివారం నాటికి ఎలా ఉందో అలా వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈ పని నాకెవరూ చెప్పలేదు. ఒకసారి దెబ్బ తిని నేనే నేర్చుకున్నాను.

అలాంటి చోటికి డాక్టరుగారి బావమరిది మేనేజరుగా దిగాడు, కాకినాడ నుంచి. వచ్చిన నెలలోనే, నేను అన్నానికి లేచినప్పుడల్లా నా కుర్చీలో కూర్చుని క్రికెట్ చూడటం మొదలుపెట్టాడు. అందుకోసం ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కించుకున్నాడు. బోనాలు అయిన వారం తెర మీద పిచ్చి పిచ్చి ప్రకటనలు రావడం, సిస్టం నత్తలా నడవడం షురూ అయింది. సరిగ్గా దానికి ముందురోజే నేను మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు ప్రింటు తీసుకుందామని ఇంటి నుంచి పెన్ డ్రైవ్ తెచ్చాను. డాక్టరుగారిని అడిగే తెచ్చాను.

శనివారం, క్లినిక్ నిండా జనం. బావమరిది నా దగ్గరికి వచ్చి, "వైరస్ తెచ్చింది నువ్వే. ఆ పెన్ డ్రైవేది? మా డేటా ఎవరికన్నా పట్టుకుపోతున్నావేంటి?" అంటూ నా బ్యాగు లాక్కొని బల్ల మీద బోర్లించాడు. టిఫిన్ డబ్బా, దువ్వెన, బస్ పాసు పడ్డాయి. కాగితంలో చుట్టి పెట్టుకున్న ప్యాడ్లు కిందపడి బెంచీ దాకా వెళ్ళాయి. ఒక పెద్దాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను వంగి, వాళ్ళందరి కాళ్ళ మధ్య నుంచి వాటిని ఏరుకున్నాను. డాక్టరుగారు తలుపు దగ్గర నిలబడి చూశారు. తిరిగి లోపలికి వెళ్ళి తరువాతి రోగిని పిలిచారు.

సోమవారం నుంచి నువ్వు టోకెన్ల కౌంటర్లో కూర్చో అన్నాడు బావమరిది. ఆ సాయంత్రం కూడా బ్యాకప్ తీశాను. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చేతులు అలవాటు కొద్దీ పని చేశాయి. అదే చివరిది. ఆ తరువాత ఆయన ఒక్కసారి కూడా తీయలేదు. ఒకరోజు అడిగితే "అంతా క్లౌడ్‌లో ఉంటుంది, నీకెందుకు?" అన్నాడు.

మూడు నెలలు టోకెన్లు ఇచ్చాను. ఎవరు చెయ్యి చాపినా, ఆ రోజు చూసినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారేమోనని తలెత్తకుండా ఇచ్చేదాన్ని. ఉద్యోగం మానేస్తే చేయని తప్పు ఒప్పుకున్నట్టవుతుందని మానలేదు. మనసులో మాత్రం ఆయన్ని రోజుకోసారి ఉతికి ఆరేసేదాన్ని. నాకు కావలసింది ఒక్కటే. ఆ బ్యాగు ఎవరి ముందు బోర్లించాడో వాళ్ళకే, తప్పు తనదని ఆయన నోటితో చెప్పాలి.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు క్లినిక్‌లో ఉన్న ప్రతి వస్తువుకూ ఆయనే బొట్లు పెట్టాడు. స్టెతస్కోపుకు, బీపీ మిషనుకు, మానిటరుకు, మంచినీళ్ళ కూలరుకు. చివరికి ఆ నల్ల డ్రైవ్‌ను నిలబెట్టి, గంధం దండిగా తీసుకొని, వైరు గుచ్చే సందు మీదే బొటనవేలితో ఒత్తి, దాని మీద కుంకుమ అద్దాడు. కౌంటరు నుంచి చూస్తున్నాను. చెబుదామని నోటిదాకా వచ్చింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మింగేశాను. మర్నాడు ఆయా పైపైన తుడిచి అల్మారాలో పెట్టింది.

పది రోజులు తిరక్కముందే సిస్టం పడిపోయింది. నీలం తెర, దాని మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు, ఆపి మళ్ళీ వేస్తే మళ్ళీ నీలం తెర. క్లౌడ్‌లో ఏమీ లేదని ఆయనకు అప్పుడు తెలిసింది. డ్రైవ్ తీసి తగిలించాడు. లైటు వెలగలేదు. వైరు మార్చాడు, కంప్యూటరు వెనక పెట్టాడు, ముందు పెట్టాడు, చెవి దగ్గర పెట్టుకొని ఊపి కూడా చూశాడు. నేను టోకెన్లు చింపుతూ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్లినిక్‌లో అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు. రెండు రోజులు అలాగే గడిచాయి. చిలకలగూడ నుంచి రెండు ఆటోలు మారి వచ్చే ఒక ముసలావిడకు ఏ మందు ఇస్తున్నారో డాక్టరుగారికి గుర్తు రాక, ఉత్త చేతులతో పంపించారు. ఆవిడను చూసినప్పుడు గుండె కలుక్కుమంది. అయినా గంధం సంగతి చెప్పలేదు.

మూడో రోజు మెకానిక్ వచ్చాడు. వాడూ వైర్లు మార్చి చూశాడు.

"డ్రైవ్ ఖతం సార్. ఫార్మాట్ కొట్టి కొత్తగ వేస్తా. పాతదంత పోతది, మంచిదేనా?"

బావమరిది చెమట తుడుచుకుంటూ, "కానివ్వు," అన్నాడు.

పాతదంతా అంటే నా పదకొండేళ్ళ కష్టం. లేచి నిలబడ్డాను.

"జెర ఆగన్నా. ఆ డ్రైవ్ నేను నడిపిస్తా. కాని ముందుగాల సార్ నాకో మాట ఇయ్యాలె."

గొంతు విని డాక్టరుగారు బయటికి వచ్చారు.

"ఏంటమ్మా అది?" అన్నాడు బావమరిది.

"నా బ్యాగు ఎవరెవరి ముందల బోర్లించిన్రో, వాళ్ళందరికి తప్పు మీదే అని మీ నోటితోని చెప్పాలె."

ఆయన నవ్వాడు. "ఆ రోజు ఎవరున్నారో ఇప్పుడెవరికి తెలుసు? వాళ్ళు దొరికితే అలాగే చెబుతాలే."

"డాక్టర్ సార్, విన్నరు గద," అన్నాను. డాక్టరుగారు తలూపారు.

అగ్గిపుల్ల సన్నగా చెక్కి, ఆ సందులోంచి ఎండిన గంధం కొద్దికొద్దిగా గీకి తీశాను. టోకెను కాగితం మీద ఎర్రటి పొడి రాలింది. మెకానిక్ ముక్కున వేలేసుకున్నాడు.

"గిదేందక్కా, డ్రైవ్‌కు సుత బొట్టా?"

"పెట్టినాయన పక్కనే ఉన్నడు, అడుగు."

వైరు గుచ్చగానే లైటు వెలిగింది. కంప్యూటరును డ్రైవ్ నుంచి మొదలుపెట్టి, రిస్టోర్ నొక్కాను. రెండు గంటల తరువాత నీలం తెర పోయి నా పాత సిస్టం నా ముందుకు వచ్చింది. మెకానిక్ వైరస్ వెతికి, "ఈ క్రికెట్ సాఫ్ట్‌వేర్ ఎన్కనే వచ్చిందిది, ఎక్కించిన తారీఖు చూడుండ్రి," అన్నాడు. నేను పెన్ డ్రైవ్ తెచ్చిన రోజుకు పన్నెండు రోజుల ముందు. డాక్టరుగారు కళ్ళజోడు పెట్టుకొని మరీ చూశారు. బావమరిది దొంగకు తేలు కుట్టినట్టు పక్కకు జరిగాడు.

కానీ నా పని ఇంకా అయిపోలేదు. వెనక్కి వచ్చింది నేను చివరిసారి బ్యాకప్ తీసిన శనివారం, అంటే నా బ్యాగు బోర్లించిన రోజే. అపాయింట్‌మెంట్ల పట్టిక తెరిచాను. ఆ పూట బెంచీల మీద కూర్చున్నవాళ్ళు పద్నాలుగు మంది, పేర్లతో, ఫోన్ నంబర్లతో సహా ఉన్నారు.

"దొరికిన్రు సార్," అన్నాను.

డాక్టరుగారు ఫోను ఆయన ముందుకు జరిపి, "మాటిచ్చావుగా, చెయ్యి," అన్నారు. నేను స్పీకరు నొక్కాను.

మొదటాయన, "ఏ బ్యాగు సార్? నాకు యాదికి లేదు," అన్నాడు. రెండో ఆవిడ మాత్రలు అయిపోయినయ్, ఎప్పుడు రావాలె అని అడిగింది. మూడో ఆయన, "గట్లయిందా?" అన్నాడు. ఆ రోజు ముఖం పక్కకు తిప్పుకున్న పెద్దాయన ఈయనే. ఆయనక్కూడా గుర్తు లేదు.

బావమరిదికి ప్రాణం లేచొచ్చింది. "చూశావా, ఎవరికీ గుర్తే లేదు. నువ్వే మనసులో పెట్టుకున్నావ్. ఇంక వదిలెయ్యమ్మా."

మూడు నెలలు నేను తలెత్తకుండా టోకెన్లిచ్చింది వీళ్ళకా? వదిలేస్తే ఆ సంగతి అక్కడితో పోతుంది. చెప్పిస్తే, మరచిపోయినవాళ్ళకు నేనే గుర్తు చేసినట్టవుతుంది. అది కూడా తెలుసు. అయినా నాకు ఆయన నోటితో వినాలని ఉంది.

"యాదికి లేకుంటే మొత్తం చెప్పుండ్రి సార్," అన్నాను. "బ్యాగు ఎట్ల గుంజుకున్నరో, అందులకెల్లి ఏమేం పడ్డయో, ఎవరు ఏరుకున్నరో. ఒక్కటి సుత ఇడువద్దు."

ఆయన మళ్ళీ మొదటి నంబరు కలిపాడు. టిఫిన్ డబ్బా దాకా బాగానే చెప్పాడు. ప్యాడ్ల దగ్గరికొచ్చేసరికి పొడి దగ్గు మొదలుపెట్టాడు. మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టి, "ఊఁ, చెప్పుండ్రి," అన్నాను.