కోడి గింజ ముట్టని ఏడు

పోయిన వారం పాడేరులో బస్సు ఆలస్యమై, ఊరికే నిలబడే బదులు ఉప్పు కొనుక్కుందామని మా పెదనాన్న మనవడి దుకాణంలోకి వెళ్లాను. వాడు తూకం ఆపేసి ఎవరో కుర్రాడికి డబ్బు సంగతులు బోధిస్తున్నాడు. ధరలు ఇలా ఎగబాకే రోజుల్లో నోట్లు దాచుకునేవాడు పిచ్చివాడట, సరుకు పట్టి ఉంచి అదను చూసి వదిలేవాడే మనిషట, ఈ విద్యను వాళ్ల తాత చదువు సంధ్యలు లేకుండానే ఆ రోజుల్లో కొండ మీద అందరికీ నేర్పాడట. చెప్పుకుంటూనే నా ఉప్పు తూచి, నా వైపు తిరిగి, "అవునా కాదా నువ్వు సెప్పత్తా, నువ్వు సూసినదానివి కదా" అన్నాడు. నేను తూయించిన ఉప్పు అక్కడే వదిలేసి, ఎదురు దుకాణంలో ఎక్కువ ధర పెట్టి కొనుక్కుని వచ్చాను. చూసినదాన్నే. చూసినదంతా వాడి దుకాణంలో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మొదటి పెద్ద యుద్ధం ముగిశాక కూడా, పందొమ్మిది వందల ఇరవైల మొదట్లో, ఎక్కిన ధరలు దిగిరాలేదు. ఉప్పు ప్రియం, గుడ్డ ప్రియం, కిరసనాయిలు సంగతి చెప్పనే అక్కర్లేదు. మా లోయలో మేము అమ్మేవాటిలో ధర పెరిగింది పసుపొక్కటే. దూరదేశాల్లో దాన్ని కూరల్లోనూ వాడతారని, బట్టలకు రంగు వేయడానికీ వాడతారని, అందుకే ఓడలకెత్తి పంపుతున్నారని సంతలో షావుకార్లు చెప్పుకునేవారు. ఓడ అంటే ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. అయినా ఆ ఓడ మా కోసమే వస్తోందన్నట్టు మాట్లాడుకునేవాళ్లం.

పసుపు నాటితే మా వైపు రెండేళ్లు నేలలో ఉంచుతారు. మొదటి ఏడు దుంప పీలగా ఉంటుంది, రెండో చలికాలానికి ఊరుతుంది. అప్పుడు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి సంతకు మోసుకెళితే ఏడాదికి సరిపడా ఉప్పూ గుడ్డా, కొంత ధాన్యమూ వచ్చేవి. ఖాళీ అయిన నేలలో వానలకు చోళ్లు, అంటే రాగులు, చల్లుకునేవాళ్లం. అయితే ఎవరి పసుపు వాళ్లు ఇష్టం వచ్చినప్పుడు తవ్వుకోవడానికి వీల్లేదు. మా ఊళ్లో వంశానికి పెద్దవాడు ఊరి తల్లి ముందు గింజలు చల్లి కోడిని వదలాలి. కోడి గింజ ముడితే తల్లి ఒప్పుకున్నట్టు, ముట్టకపోతే ఆ ఏడు తవ్వకం లేదు. ఆ పెద్దవాడు మా నాన్నకు అన్న, మా పెదనాన్న. సంతకూ, ఇంకా కిందికి మైదానానికీ కావిడి మోసి వచ్చినవాడు కాబట్టి లోకజ్ఞానం అంతా తనదేనన్న నమ్మకం ఆయనకుండేది. మా నాన్నకూ అదే నమ్మకం.

మా పసుపు ఊరిన ఏడు పెదనాన్న సంత నుంచి వచ్చి, తొందరపడి తవ్వితే నష్టపోతామని, నేలలో ఉన్న పసుపును దొంగ ఎత్తుకుపోడని, ఎలుక కొట్టదని, వచ్చే ఏటికి ధర రెట్టింపవుతుందని ఇంటింటా చెప్పాడు. మా అమ్మ ఒక్కతే, ఆ నేల ఖాళీ చేయకపోతే చోళ్లు ఎక్కడ చల్లాలి, వానాకాలం ఏం తినాలి అని అడిగింది. తల్లి ఏం చెబితే అదే చేద్దాం అన్నాడాయన, చాలా వినయంగా.

పూజ నాటి పొద్దున్నే నేను నీళ్లకు వెళుతూ చూశాను. పెద్దమ్మ తన పెరట్లో ఆ పూజ కోడిని ఒళ్లో పెట్టుకుని సామలు దోసిళ్లతో మేపుతోంది. కోడి మెడ కింద సంచి ఉబ్బిపోయి, ఇక చాలని తల తిప్పుకుంటున్నా ముక్కు దగ్గర గింజలు పెడుతోంది. ఎండెక్కాక అదే కోడిని తల్లి ముందు వదిలితే, అది గింజల మధ్య నిలబడి కళ్లు మూసుకుంది. ఊరంతా తల వంచింది. నేను ఇంటికి వచ్చి చూసింది చూసినట్టు చెప్పాను. నాన్న లేచి చెంప మీద కొట్టాడు. జీవితంలో నన్ను ఆయన కొట్టింది ఆ ఒక్కసారే, అదీ నిజం చెప్పినందుకు.

ఆ వానాకాలం మా ఇంట్లో చోళ్లు లేవు. ఆకులు, అడవి దుంపలు అయ్యాక మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి పప్పు నానబెట్టి, ఎండబెట్టి, పిండి చేసి అంబలి కాచుకున్నాం. వాన ముసురులో ఆ పిండి బూజు పట్టేది, పారబోయడానికి మనసొప్పక అదే కాచేవాళ్లం. గుమ్మం ముందు మాత్రం మా పసుపు మళ్లీ చిగిర్చి, అరిటాకులంత ఆకులతో నిగనిగలాడుతూ ఉండేది. మా చెల్లి రోజంతా ఆ గట్టు మీదే కూర్చునేది. ఒకనాడు ఎవరూ చూడకుండా వేళ్లతో మట్టి గీరి, ఒక దుంప లాగి, పచ్చిదే నమిలింది. ఎవరూ చూడనక్కర్లేకపోయింది. మూతి, పళ్లు, చేతులు అన్నీ పచ్చగా అయిపోయాయి.

పెద్దమ్మ కేకేస్తే పెదనాన్న వచ్చాడు. తల్లి మాట రాకముందే తల్లి సొత్తు ముట్టుకుందని, చెల్లిని వీధిలో నిలబెట్టి, బూడిద తెచ్చి దాని మూతి తోమించాడు. తోమింది నాన్నే. "గట్టిగా తోమరా, గుంట పళ్లు బంగారమైపోనాయి, సంతలో అమ్ముకుందుము" అని పెదనాన్న అంటే, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆకలితో ఉన్నవాళ్లే నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను.

ఆ వారంలోనే చెల్లికి బూజు అంబలి పడక విరేచనాలు పట్టుకుని ప్రాణం పోయింది. తల్లి కోపించి తీసుకుపోయిందని ఊరంతా అనుకుంది. పాతిపెట్టి వచ్చాక పెదనాన్న మా గుమ్మంలో కూర్చుని, ఇకనైనా పిల్లల్ని అదుపులో పెట్టుకోమని నాతో సహా అందరికీ చెప్పి వెళ్లాడు.

మరుసటి చలికాలం కోడి గింజలు ఆబగా తిన్నది. ఊరంతా ఒక్కసారే తవ్వింది. మూడో ఏటి దుంప పైకి లావుగా ఉంది గానీ విరిస్తే లోపల డొల్ల, చాలా చోట్ల కుళ్లు. మిగిలిందాన్ని ఉడకబెట్టి, ఎండబెట్టి సంతకు మోసుకెళ్లాం. షావుకారు ఒక కొమ్ము విరిచి వాసన చూసి పక్కన పడేశాడు. ఓడల వాళ్లు కొనడం తగ్గించేశారని, అక్కడ బట్టలకు ఇప్పుడు సీసాల్లో వచ్చే రంగులే వాడుతున్నారని, పైగా మీరంతా ఒకేసారి మోసుకొస్తే ఎవడు కొంటాడని విసుక్కున్నాడు. "పోయినేడు మీ పెద్దాయన సరుకు సూడాలి. ఒక్క కొమ్ము పుచ్చు నేదు. సంతలో ఎవులికాడా పసుపు నేదు గదా, అడిగిందిచ్చి కొన్నాను" అన్నాడు.

అమ్మకు మొదట అర్థం కాలేదు. నాకు కూడా. షావుకారు ఇంకా చెబితే తెలిసింది, కొండకు అవతలి వైపు, పెద్దమ్మ పుట్టినింటి ఊళ్లో, పెదనాన్న తన పసుపు వేరే నాటుకున్నాడు. మమ్మల్నందరినీ తవ్వకుండా ఆపి, సంతకు సరుకు రాకుండా చేసి, తనది మాత్రం మంచి ధర ఉన్నప్పుడే అమ్ముకున్నాడు. ఇప్పుడు ఆ షావుకారు పక్కనే, త్రాసు దగ్గర, బీడీ కాలుస్తూ కూర్చుని ఉన్నాడు. అమ్మ తట్ట దించి ఆయన ఎదుట నిలబడింది.

"ఏటి బావా, మాకు తల్లి ఒప్పుకోనేదన్నావు. నీ పసుపుకి ఏ తల్లి ఒప్పుకుంది?"

ఆయన బీడీ ఆర్పనైనా లేదు. "మీ అక్క పుట్టినింటోరి ఊరి తల్లి మంచిదమ్మీ, బేగి మాటిచ్చీసింది. మన తల్లి పెంకిది. నానేటి సేత్తాను?"

"కోడికి మెడదాకా మేతెట్టింది నీ పెళ్లాం కాదా? నా గుంట సూసింది."

"నీ గుంట మాటలేటి, ఒక గుంటని బూడిదతో తోమినాం, రెండో దానికీ తోమాలా?"

సంతలో చాలామంది నవ్వారు. నాన్న వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని లాగి, అన్నకు ఎదురు చెప్పొద్దన్నాడు. తెచ్చిన పసుపు షావుకారు చెప్పిన ధరకే పోసి, ఉప్పు తీసుకుని ఇంటికి వచ్చేశాం.

ఆ తరువాత మళ్లీ నాటిన పసుపు ఊరిన ఏడు, పూజ రాకముందే, పట్టపగలు, అందరూ చూస్తుండగా అమ్మ గునపం తీసుకుని వెళ్లి తవ్వింది. ఊరు తప్పు వేసింది, జరిమానాగా మేకను ఇమ్మంది. మాకు నిప్పూ నీళ్లూ ఇవ్వలేదు. తప్పు కట్టేదాకా నాన్న మా ఇంట్లో తినలేదు, అన్న అరుగు మీదే తిన్నాడు. తప్పుకింద ఇచ్చిన మేకలో పెద్ద వాటా వంశానికి పెద్ద కాబట్టి పెదనాన్నకే వెళ్లింది. ఆ వాటా నేనే ఆకులో మోసుకెళ్లి ఇచ్చి వచ్చాను. అమ్మ మాత్రం బతికినన్నాళ్లూ అలాగే తవ్వింది, ప్రతిసారీ తప్పు కట్టింది. చెల్లి ఉన్న ఏడు ఆ పని ఎందుకు చేయలేదని నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పేదేమో, అడగకపోవడమే మంచిదైంది.

ఇప్పుడు కొండ మీద కాఫీ వచ్చింది, మిరియాలు వచ్చాయి, ఊరి దాకా జీపు వస్తోంది, ఏ సంతలో ఏ ధర ఉందో రేడియో చెబుతోంది. పసుపు ఇంకా వేస్తున్నారు. ధర బాగుంటే తవ్వుతారు, లేకపోతే ఉంచుతారు, ఇంట్లో ఉప్పు నిండుకుంటే ఒక మూల తవ్వుకుని మిగతాది వదిలేస్తారు. ఎవరి అనుమతీ అడగరు, అడగాలన్న సంగతే ఎవరికీ తెలియదు. మొన్న చలికాలం మా పొరుగింటి కోడలు పిల్లను చంకనేసుకుని, పాట పాడుకుంటూ ఒంటి చేత్తో తవ్వుతుంటే గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాను. ఇంత తేలికైన పనా ఇది అనిపించింది. సంతోషించాల్సినదాన్నే. కానీ కోపం వచ్చింది, అదీ ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. ఎండాక ఆ కోడలు నాకని ఒక చేటెడు కొమ్ములు పంపిస్తే, సరిగా ఎండలేదని వంక పెట్టి తిప్పి పంపేశాను.