సీసపు కోటు మీద మడతలు

పసుపు కుప్ప మీద చెయ్యి పెట్టి, కన్నతల్లి మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. ఆర్మూరు మార్కెట్ యార్డులో నన్నెరిగినవాళ్లు ఇది చదివి నవ్వుతారని తెలుసు. నేను చెప్పిన సంగతుల్లో సగానికి సగం కోసేసి వినడం వాళ్లకు అలవాటు. ఈ ఒక్కసారికి కోయకండి.

మా అక్క మడతల మనిషి. చిన్నప్పటి నుంచీ బీడీలు చేసిన వేళ్లు ఆమెవి. ఆకు చుట్టి, అంచు లోపలికి మడిచి, దారం కట్టే పని చేసీ చేసీ ఏ వస్తువు కనిపించినా మడత పెట్టకుండా ఉండలేకపోయేది. ఉతికిన దస్తీ రుమాలు కూడా ఆమె చేతిలో అంచుకు అంచు కలిసేది. ఇల్లంతా దండెం అన్నదే లేదు. పెరట్లో బట్టలు ఆరిన వెంటనే సందూక పెట్టెలోకి వెళ్లేవి.

బావ ఒక ప్రైవేటు దవాఖానలో ఎక్స్‌రే మిషన్ నడిపేవాడు. ఎనభైల మొదట్లో మాట. పక్కవాడు చేస్తుంటే చూసి నేర్చుకున్న పని. నేను యార్డులో ఒక అడ్తి కమీషన్ దుకాణంలో పసుపు తూకం దగ్గర ఉండేవాణ్ని, ఆ దుకాణం అరుగు మీద బావ గురించి రకరకాలుగా చెప్పేవాణ్ని. బావకు ఇప్పుడు మిషన్ కూడా అక్కర్లేదనీ, మనిషిని చూస్తే చాలు పొద్దున ఏం తిన్నాడో కడుపులో కనిపిస్తుందనీ అన్నాను. వేల్పూర్ రైతు ఒకాయన ఆ తర్వాత బావ ఎదురైనప్పుడల్లా తువ్వాలు కడుపుకు అడ్డం పెట్టుకునేవాడు.

బావ గదికి వచ్చేవాళ్లలో దగ్గుతో వచ్చే బీడీల ఆడవాళ్లు ఎక్కువ. దుబాయ్ పోవాలంటే ఛాతీ ఫోటో శుభ్రంగా ఉండాలి కాబట్టి అక్కడికి పోయే పిల్లగాళ్లూ ఎక్కువే. చంటిపిల్లలు కదిలితే ఫోటో చెడిపోతుందని బావే వాళ్ల భుజాలు పట్టుకుని నిలబడేవాడు, మీట నొక్కే పని ఇంకొకరికి చెప్పి. మిషన్ కిరణాలు రోజూ ఎంతో కొంత ఒంటికి తగిలేవి. కొంచెమే. నొప్పి లేదు, వేడి లేదు, వాసన లేదు. పసుపు పనిచేసేవాళ్ల గోళ్లు పసుపెక్కుతాయి. మా అక్క వేళ్లకు పొగాకు వాసన. బావ చేతులకు మాత్రం ఏదీ అంటేది కాదు. ఊళ్లో అంతటి శుభ్రమైన పని ఇంకోటి లేదని మా ఇంట్లో అందరం గర్వపడేవాళ్లం.

కొన్నాళ్లకు ఆ దవాఖాన డాక్టరు ఎక్కడినుంచో ఒక సీసపు కోటు తెప్పించాడు. రబ్బరు లోపల సీసం ఉండే ఆ కోటు వేసుకుంటే కిరణాలు ఒంటికి తగలవన్నారు. గదిలో ఎలుకల బాధ ఉండేది. అందుకని బావ సాయంత్రం దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. అక్క తడిబట్టతో తుడిచేది. అది మామూలుగా మడత పడే వస్తువు కాదు. మోకాలు ఆనించి, బలంగా ఒత్తి, పెళ్లిచీరల పక్కన సందూకలో పెట్టేది. పొద్దున అదే మడతతో బావ సంచిలోకి.

"మీ ఆయన బట్టలకంటె దానికే మర్యాద ఎక్కువున్నదే," అన్నాను ఒకసారి.

"మీ బావను కాపాడేది గదే గద తమ్మీ," అంది అక్క.

తొంభైలు వచ్చేసరికి బావ వేళ్ల చర్మం కాగితంలా పలచబడింది. గోళ్ల మీద గీతలు లేచాయి. నోట్లో పుండ్లు ఒకటి మానితే ఇంకొకటి. మెట్లెక్కితే ఆయాసం. అక్క పసుపు వేసిన పాలు పోసీ పోసీ విసిగి, నిజామాబాద్ తీసుకుపొమ్మని నా వెంటపడింది. అక్కడ రక్తం తీసి చూశారు. తెల్లకణాలు ఉండాల్సినన్ని లేవన్నారు.

"ఎక్స్‌రే వల్లనేనా సార్?" అని అడిగాను.

పెద్ద డాక్టరు కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. "కొద్దిపాటి దెబ్బ తగిలితే ఒళ్లు దానంతటదే బాగుచేసుకుంటుంది. ఏళ్ల తరబడి రోజూ తగులుతుంటే, బాగుచేసుకోవడంలోనే ఎక్కడో ఒక తప్పు జరగొచ్చు. అది ఎప్పుడు బయటపడుతుందో, అసలు పడుతుందో లేదో తెలియదు. దీనివల్లే అని నేను చెప్పలేను, కాదనీ చెప్పలేను. కోటు వేసుకుంటారా?"

"రోజు ఏసుకుంట సార్," అన్నాడు బావ.

ఆ నెలలోనే మిషన్ మొరాయిస్తే హైదరాబాద్ నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. బావకు అన్నం డబ్బా ఇద్దామని వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. బావ సంచిలోంచి కోటు తీసి విప్పుతుంటే ఇంజినీరు చేతిలో పని ఆపేశాడు.

"అన్నా, దీన్ని మడత పెడతారా?"

"మరి? మా ఇంటామె మస్తు సాఫ్‌గ పెడ్తది."

అతను దాన్ని బావ చేతుల్లోంచి తీసుకున్నాడు. కోటు పరిచి, కింద ఫిల్ము పెట్టి ఫోటో తీశాడు. మనుషులకు తీసినట్టే కోటుకూ ఎక్స్‌రే. కడిగి తెచ్చిన ఫిల్మును, నీళ్లు కారుతుండగానే కిటికీకి ఎత్తి పట్టుకున్నాడు. కోటు ఉన్న మేర తెల్లగా ఉండాలట. తెల్లగానే ఉంది. ఆ తెలుపులో నిలువుగా ఒక నల్లటి చార, దాన్ని కోస్తూ అడ్డంగా రెండు.

"పైన రబ్బరు బాగానే కనిపిస్తుంది, లోపల సీసం పగిలిపోయింది," అన్నాడు. "దీన్ని కొక్కేనికి వేలాడదీయాలి. ఎన్నడూ మడవకూడదు. ఈ చారలు ఉన్నచోట కోటు లేనట్టే."

నిలువు చార సరిగ్గా బావ రొమ్ము ఎముక మీదికి వస్తుంది.

బావ నన్ను చాయ్ బండి దగ్గరికి తీసుకెళ్లాడు. చాయ్ తాగలేదు, గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"నా రక్తం సంగతి నాకు ఫికర్ లేదు బామ్మర్దీ. మీ అక్కకు తెలిస్తే బతుకుతదారా? తన చేతులతోనే గిట్లయిందనుకుంటది."

"చెప్పకు మరి."

"కొత్త కోటు వస్తది, అడుగుతది గద. యార్డుల గన్ని కతలు చెప్తవు. నాకోసం ఒక్కటి చెప్పు. పాతదాన్ని అంటగట్టిండ్రు, వచ్చినప్పుడే పగిలి ఉండె అని." ఫిల్ము మడిచి, "దీన్ని యాడన్న పారెయ్," అంటూ నా సంచిలో కుక్కాడు.

నేను ఇంటికి వెళ్లేసరికి అక్క చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. నేను మొదలుపెట్టాను. కోటు ఓడలో వచ్చిందన్నాను. తుఫానులో ఇనప పెట్టెలు దాని మీద పడ్డాయన్నాను. బొంబాయి రేవులో కూలీలు దాన్ని పరుపనుకుని పడుకున్నారన్నాను. ఎలాగోలా ఓడను ఒడ్డుకు చేర్చాను. అక్క నమ్మింది.

"నమ్మిందా?" అని ఆ సాయంత్రం బావ ఇంటికొస్తూనే గుమ్మం బయట అడిగాడు.

"నమ్మింది బావా."

మిషన్ పని మానేసి బావ మా దుకాణంలో తూకానికి వచ్చి చేరాడు. కొత్త కోటు దవాఖానలో కొక్కేనికి వేలాడుతోంది, కొత్త మనిషి వేసుకుంటున్నాడు. నిజామాబాద్ వెళ్లినప్పుడల్లా రక్తం ఒకసారి కొంచెం మెరుగు, ఇంకోసారి కొంచెం తగ్గు. పెద్ద డాక్టరు ఇప్పటికీ అవుననడు, కాదనడు.

ఇక ఒట్టు సంగతి. ఇందులో ఒక ముక్క కల్పించాను. ఓడ కాదు, ఓడ కథ నిజంగానే చెప్పాను. అక్క నమ్మిందన్నది కల్పన.

నా కథ అయ్యేదాకా ఆమె బీడీకి దారం కడుతూనే ఉంది. తర్వాత నా సంచి లాక్కుని, అంచు బయటికి కనిపిస్తున్న ఫిల్ము తీసింది. గుమ్మం వెలుతురుకు పట్టుకుని నిలువు చార మీద వేలు పెట్టింది.

"గీ నడుమ మడత ముందు ఏస్త," అంది. వేలు అడ్డచారల మీదికి జరిగింది. "గీ రెండు తర్వాత."

ఫిల్మును మళ్లీ నా సంచిలోనే పెట్టింది.

"తమ్మీ, నేను నమ్మిన అని చెప్పు పో. మీ బావకు గట్లనే చెప్పు."

ఆ వారమే ఇంట్లో ఈ గోడకూ ఆ గోడకూ తాళ్లు కట్టించింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో చీరలు, లుంగీలు, దస్తీలు అన్నీ తాళ్ల మీదే వేలాడుతున్నాయి. తలవంచి నడవాలి.

"మీ అక్కకు ఒళ్లు బరువైందిరా బామ్మర్దీ," అన్నాడు బావ మొన్న, మొహానికి తగిలిన చీర పక్కకు తోస్తూ. "ఒక్క గుడ్డ మడత పెడ్తలేదు."

నేనూ ఆయనతో కలిసి నవ్వాను.