లాంతరు ఆటలో పడవ

జీవరత్నం నడిపే కంప్యూటరు సెంటర్లో కిటికీ పక్కనున్న మెషీను మిగతావాటికన్నా నెమ్మది. బొమ్మ మారాలంటే దానికి ఊపిరి తీసుకోవలసి వచ్చేది. తెర నల్లబడి, అడుగున ఒక తెల్లగీత చీమ నడకతో ఎడమ నుంచి కుడికి పాకేది. ఆ గీత అవతలి అంచు చేరేదాకా ఎవరూ చేయగలిగింది ఏమీ ఉండదు. కూర్చోవడమే.

గుణదలలో, మేరీమాత కొండకు వెళ్లే రోడ్డు మీద, కొవ్వొత్తులు అమ్మే కొట్టు పైన ఉండేది ఆ సెంటరు. మెట్లెక్కుతుంటే మైనం వాసన వెంట వచ్చేది. తొంభైలలో అది టైపు ఇన్‌స్టిట్యూట్. లోయరు, హయ్యరు టైపు పరీక్షలకు కట్టిన అమ్మాయిల వేళ్ల కింద పొద్దంతా రేకుల మీద వాన కురిసినట్టుండేది. తర్వాత ఆ వాన వెలిసింది. జీవరత్నం టైపు మిషన్లు అమ్మేసి కంప్యూటర్లు తెచ్చింది. పొద్దున పెళ్లి శుభలేఖలు, కాలేజీల ప్రశ్నపత్రాలు కొట్టి ఇచ్చేది. సాయంత్రం ఆటలకు వదిలేది. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, తీరిక దొరకలేదని చెప్పి ప్రింటరులో కాగితం సర్దేది.

అక్కడికి వచ్చేవాళ్లందరికీ ప్రాణం, కిటికీ పక్కన మెషీనులో ఉన్న లాంతరు ఆట. దాని అసలు పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉండేది, వీళ్లకు లాంతరే. ఒక మనిషిని ఎంచుకుని, ఆ మనిషైపోయి, చేతిలో లాంతరుతో ఊరూరా తిరగాలి. ఎదురైనవాళ్లతో మాట్లాడాలి, దారి అడగాలి, విద్యలు నేర్చుకోవాలి. మొదటి భాగంలో గొంతులు లేవు. మాటలన్నీ తెర అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో వస్తాయి.

ఆ ఇంగ్లీషు రాంబాబుకు రాదు. అతను ఆటోనగర్‌లో లారీ బాడీలకు రంగులు వేసి అక్షరాలు రాసే పెయింటరు. తెలుగు అక్షరాన్ని ద్రాక్షగుత్తిలా వేలాడదీస్తాడు. సాయంత్రాలు వచ్చి అతను మీటలు నొక్కితే, జీవరత్నం పక్కన కుర్చీ వేసుకుని తెర మీది మాటలు తెలుగులో చెప్పేది. వెనక బెంచీ మీదివాళ్లు వింటూ ఉండేవాళ్లు. ఒకరు ఆడటం, ఒకరు చెప్పడం, అందరూ కలిసి ఆ ఊళ్లు తిరగడం. అదీ అక్కడి పద్ధతి.

ఆటలో ఒక నది ఉంది. రేవులో పడవవాడు ఎక్కించుకోగానే తెర నల్లబడుతుంది. మొదటిసారి ఆ చీకట్లో తెల్లగీత పాకుతుండగా, జీవరత్నం నోటి నుంచి ఒక మాట దానంతటదే వచ్చింది.

"రేవులో ఇంకెవరన్నా ఉన్నారా... పడవెళ్లిపోతంది..."

అది వాళ్ల నాన్న శౌరయ్య కేక. బారేజీ దిగువన, నది నడుమ లంకకూ ఒడ్డుకూ మధ్య పడవ నడిపేవాడాయన. సాయంత్రం ఆఖరి పడవ తీసేముందు పడవ నెట్టే గెడ ఇసుకలో దించి, గట్టువైపు తిరిగి అలా పిలిచేవాడు. బజారులో కూరలు అమ్ముకుని ఆలస్యంగా వచ్చే ఆడవాళ్లు ఖాళీ గంపలతో పరుగెత్తుకొస్తూ, ఉన్నామయ్యో అని బదులిచ్చేవాళ్లు. ఎవరూ పలక్కపోయినా ఆయన కాసేపు ఆగేవాడు. పలకలేనివాళ్లూ ఉంటారుగా అనేవాడు. ఆయన పోయాక ఆ కేక జీవరత్నానికి మళ్లీ ఎక్కడా వినిపించలేదు. నెమ్మది మెషీను చీకట్లో, తన గొంతులోనే, మళ్లీ విన్నది.

క్రమంగా అది అందరికీ అలవాటైంది. ఆమె పిలిచినప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైతే, ఎక్కుతున్నవాళ్లు ఉన్నాం అనేవాళ్లు. వాళ్లొచ్చి బెంచీ మీద సర్దుకునేసరికి పడవ కదిలేది. ఆ పిలుపు పడవవాడిదేనని అందరూ అనుకున్నారు, ఆమె కాదనలేదు. రాంబాబుకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఒక లారీ వెనక పలక మీద నీలం నీళ్లు గీసి, వాటి పైన దాన్ని పసుపు అక్షరాల్లో రాశాడు. ఆ లారీ అరటిగెలలు వేసుకుని ఏయే ఊళ్లను అలా పిలుచుకుంటూ పోయిందో.

రెండువేల అయిదులో లాంతరు మూడో భాగం వచ్చింది. దాంతో బెంచీ రెండు ముక్కలైంది. కొత్తదాని తరఫున కిరీటి ముందుండి వాదించేవాడు. హాస్టల్లో ఉంటూ ఎంసెట్ కోచింగ్ తీసుకుంటున్న కుర్రాడు, ఆదివారాలు తప్ప బయటికి రానివ్వరు. కొత్తదాంట్లో మనుషులు నోరు విప్పి మాట్లాడతారని, వాన పడితే బట్టలు తడుస్తాయని, ఎటు పోవాలో ఒక బాణం గుర్తు చూపిస్తుందని చెప్పేవాడు. ఆ బాణం దగ్గరే రాంబాబుకు మండేది. దారి అడక్కుండా తిరిగేది ఊరెలా అవుతుందని అతని వాదన.

"మీ లాంతర్లో మనుషులు అగ్గిపుల్లల్లాగుంటారన్నా. కొత్తదాంట్లో చెమట కూడా కనపడుద్ది."

"చెమట చూడాలంటే మా షెడ్డుకి రా. బాణం లేకపోతే హాస్టలుకి కూడా పోలేవు నువ్వు."

ఎంత దూరం పోయినా వాదన చివరికి రేవు దగ్గరికే వచ్చేది. మీ కొత్తదాంట్లో పడవవాడు పిలుస్తాడా అని రాంబాబు అడిగితే కిరీటి మాటను మళ్లీ వానమీదికి మళ్లించేవాడు.

మూడో భాగం నడవాలంటే సెంటర్లో ఉన్నవాటన్నిటికన్నా వేగమైన మెషీను కావాలి. గవర్నరుపేటలో డీలరు నెమ్మదిదాన్ని తీసుకుని కొత్తది ఇస్తానన్నాడు. కొత్తదాంట్లో పాత భాగం కూడా ఆడుకోవచ్చని తెలిశాక రాంబాబు కూడా సరేనన్నాడు. జీవరత్నం ఒక్కతే వాయిదా వేస్తూ వచ్చింది. మేరీమాత తిరునాళ్లు అయ్యాక అంది. ఎండలు తగ్గాక అంది. పాతదాని మీద మమకారమనుకున్నారు అందరూ. ఆమె డీలరు దగ్గర చూసివచ్చిన సంగతి ఎవరికీ తెలియదు. కొత్త మెషీనులో మొదటి భాగం పెట్టించి రేవుదాకా ఆడించింది. పడవ ఎక్కారో లేదో, అవతలి ఒడ్డు. ఆమె నోరు తెరిచేలోపే నది దాటడం అయిపోయింది. నెమ్మది మెషీను వెళ్లిపోతే నాన్న నిలబడడానికి చీకటి ఉండదు.

దసరా సెలవులకు కిరీటి మంగళగిరిలో మామయ్య ఇంటికి వెళ్లాడు. అక్కడి కంప్యూటరులో పాత భాగాన్ని మొదటిసారి తనంతట తాను చదువుకుంటూ ఆడాడు. తిరిగొచ్చిన ఆదివారం, గెలిచినవాడిలా మెట్లెక్కాడు.

"పడవవాడు అనేది ఒక్కటే మాటన్నా. ఎక్కు అంటాడు. అంతే."

రాంబాబు నవ్వాడు. మామయ్యది డూప్లికేట్ సీడీ అయ్యుంటుందన్నాడు. కిరీటి వదల్లేదు. నెమ్మది మెషీను ముందు కూర్చుని రేవుదాకా ఆడి, తెర మీది అక్షరాలను వేలితో చూపిస్తూ ఒక్కొక్క మాటా చదివాడు. తెర నల్లబడింది. తెల్లగీత పాకింది. ఈసారి ఎవరూ పిలవలేదు.

రాంబాబు జీవరత్నంవైపు తిరిగాడు. "ఉందా లేదా అక్కా?"

"ఆటలో లేదు రాంబాబూ. మా నాన్న అనేవాడు."

అతను తన వేళ్లకంటిన ఎండిన రంగును చూసుకున్నాడు. "లారీ మీద రాశానక్కా నేను."

అప్పుడామె చెప్పింది. లంక గురించి, గెడ గురించి, పలకలేనివాళ్ల కోసం నాన్న ఆగడం గురించి. బెంచీ మీదివాళ్లంతా విన్నారు. రాంబాబు కూడా విన్నాడు. లేచి బండి తాళం తీసుకున్నాడు. గుమ్మం దగ్గర కిరీటిని అడిగాడు.

"అయితే ఇన్నాళ్లూ మనం ఆడింది ఎన్నో పార్టు?"

వెటకారమో, నిజంగానే అడిగాడో తెలియలేదు. ఆ తర్వాత అతను రాలేదు. వారాలు గడిచాయి. బెంచీ మీద అతని చోటులోకి ఎవరూ జరగలేదు. వినేవాడు లేని రేవులో నాన్నను నిలబెట్టి ఏం లాభమనిపించింది జీవరత్నానికి. తానే డీలరుకు ఫోను చేసింది. నెమ్మది మెషీను పాత దుప్పటి చుట్టుకుని మెట్లు దిగి వెళ్లింది. కిటికీ పక్కన కొత్తది వెలిగింది.

మరుసటి ఆదివారం దాని ముందు కిరీటే కూర్చున్నాడు. మూడో భాగం. నది చాలా అందంగా ఉంది. సాయంత్రపు ఎండ అలల మీద విరిగి పడుతోంది. బాణం గుర్తు అవతలి ఒడ్డును చూపిస్తూ మెరుస్తోంది. పడవవాడు నిజం గొంతుతో ఏదో అన్నాడు. ఒక్క మీట నొక్కితే చాలు. కిరీటి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పడవెక్కాను ఆంటీ."

"అయితే పోనియ్యి."

"మీరు పిలవరా?"

ఆమె ప్రింటరు దగ్గర నుంచి చూసింది. బాణం ఆగకుండా మెరుస్తూనే ఉంది. కుర్రాడి చేతులు ఒళ్లో ఉన్నాయి. కిటికీ తెరిచే ఉంది, మైనం వాసన వస్తోంది. ఆమె గొంతు సవరించుకుంది.

"రేవులో ఇంకెవరన్నా ఉన్నారా... పడవెళ్లిపోతంది..."

ఎవరూ పలకలేదు. కిరీటి కదల్లేదు. బెంచీ మీదివాళ్లూ అలాగే కూర్చున్నారు. తెర మీద సాయంత్రం తగ్గకుండా నిలిచి ఉంది.

కింద కొవ్వొత్తుల కొట్టు దగ్గర ఎవరో బండి స్టాండు వేశారు.

"ఉన్నానక్కా, ఉన్నా."

మెట్ల మీద అడుగులు. రాంబాబు గుమ్మంలోకి వచ్చాడు, చొక్కా మీద పసుపు రంగు చుక్కలతో. ముందు తెరవైపు చూశాడు.

"ఇంకా కదల్లేదుగా?" అన్నాడు, బెంచీ మీద తన చోటులో కూర్చుంటూ. "ముందా బాణం తీసెయ్యి కిరీటీ, కళ్లలో పొడుస్తంది."