అద్దం వణకకూడదు

మా పిన్నిని షెడ్డులో అందరూ అరగ్రాము అంటారు. మొహం మీద అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు, నాతో సహా. ముప్పై ఏళ్లుగా ఆవిడది ఒకటే పని. ఇంజన్ లోపలి క్రాంక్‌షాఫ్ట్ ఎంత వేగంగా తిరిగినా ఏ పక్కకీ అరగ్రాము కూడా తూగకుండా సరిచేస్తుంది. నేను ఆవిడ అక్క కొడుకుని. ఇంజన్లు బిగిస్తాను, మధ్యమధ్యలో తిట్లు తింటాను.

ఈసారి ఇంజన్ పిన్ని కూతురు తూనీగది. పేరుకు తగ్గట్టే పిల్ల ఒకచోట నిలవదు, రేసు కార్లు నడుపుతుంది. పోయినేడు ఇంకెవరో కట్టిన ఇంజన్ ఎంత వణికిందంటే, "అద్దంలో వెనక కార్లు రెండేసి కనిపిస్తున్నాయమ్మా" అని మొత్తుకుంది. మూడో పందెంలో క్రాంక్ విరిగింది. శనివారం పరీక్ష పరుగులోనూ కారు మొరాయిస్తే జట్టులో తూనీగ సీటు ఇంకొకరికి పోతుంది.

బల్ల మీద రెండు క్రాంకులున్నాయి. కొత్తది పోత పోసినది, తేలికగా, తళతళలాడుతూ ఉంది. రెండోది కాల్చి కొట్టిన ఉక్కుది, పాతది. పిన్ని రెండింటినీ గొలుసుకి వేలాడదీసి చిన్న సుత్తితో తట్టింది. కొత్తది దబ్బుమని ఊరుకుంది. పాతది ఖంగున మోగి, చాలాసేపు మోగుతూనే ఉంది.

"కొత్తది తేలిక కదా పిన్నీ, వేగం తొందరగా అందుకుంటుంది" అన్నాను.

"అందుకున్నాక విరిగితే నువ్వు పట్టుకుంటావుట్రా?"

కొత్తదాన్ని గొలుసు మీంచి దించేశాను.

పాతదానికి పగుళ్లను బయటపెట్టే రంగు పూసి చూసింది. వెంట్రుకంత గీత కూడా లేదు. తర్వాత పిస్టన్లు, రాడ్లు, పిస్టన్ని రాడ్డుకి కలిపే పిన్నులు ఒక్కొక్కటే తూచి, అంత బరువుకు సరిపడా దిమ్మలు క్రాంక్‌కి బిగించి యంత్రం మీద తిప్పింది. బరువెక్కువైన చోట చిన్న చిల్లు వేసింది. మళ్లీ తిప్పింది. మూడు రోజులు ఇదే తంతు. గురువారం బాబాయీ నేనూ ఇంజన్ బిగించేశాం.

శుక్రవారం పొద్దున పిన్ని బాబాయి టిఫిన్ డబ్బా కడుగుదామని మూత తీసింది. లోపల గుడ్డలో చుట్టి ఎనిమిది పిస్టన్ పిన్నులు! ఆవిడ తూచి, నంబర్లు వేసినవే.

"మరి ఇంజన్‌లో ఉన్నవేంటి?"

బాబాయి డబ్బా మూత పెట్టబోయాడు. "తేలికవి తెప్పించాను. పిల్లకి కానుకగా ఉంటుందని..."

"ఎంత తేలిక?"

"ఒక్కోటి ముప్పై గ్రాములు."

"నేను అరగ్రాము కోసం చచ్చి చెడుతుంటే ముప్పై గ్రాముల కానుకా! నా పక్కన ఇన్నేళ్లుండి నేర్చుకున్నది ఇదా?"

నాకూ ఒళ్లు మండింది. కానీ విప్పాలంటే రోజంతా పని. "ముప్పై గ్రాములే కదా పిన్నీ, వదిలేద్దామా?" అనేశాను.

ఆవిడ నావైపు చూసిన చూపు నా శత్రువుకి కూడా వద్దు. "దానికి మళ్లీ రెండేసి కార్లు చూపిస్తావా? విప్పండి."

విప్పాం. ఏ పిన్ను ఆ పిస్టన్‌లోకే తిరిగి వెళ్లింది. ప్రతిదాన్నీ మా కళ్లముందే మళ్లీ తూచింది. బాబాయి స్పానర్లు అందించాడు. చీకటి పడకముందే ఇంజన్ కారులో కూర్చుంది.

శనివారం తూనీగ ఇరవై చుట్లు కొట్టింది. ట్రాక్ గోడ పక్కన పిన్ని చేతులు కట్టుకుని నిలబడి ఇంజన్ చప్పుడే వింటోంది. కారు ఆగింది. జట్టు మేనేజరు గడియారం చూసి, "సీటు నీదే" అన్నాడు. పిల్ల ఆయన్ని పట్టించుకోకుండా హెల్మెట్ తీసి తిన్నగా తల్లి దగ్గరికి వచ్చింది.

"నీ ముందునుంచి వెళ్లిన ప్రతిసారీ అద్దంలో చూశానమ్మా. ఒక్కదానివే కనిపించావు. చివరి చుట్టులో కళ్లు తుడుచుకుంటున్నావు."

"దుమ్ము పడిందిలే" అంది పిన్ని.

"ఎంత పడింది? అరగ్రామా?" అన్నాను.

మాతో వచ్చిన షెడ్డు వాళ్లంతా బిగుసుకుపోయారు. పిన్ని నా నెత్తిన ఒక్కటి మొట్టి, పిల్లని గట్టిగా పట్టుకుని పకపకా నవ్వేసింది.