పట్టాల కట్ట మీద భారతక్క

హన్మకొండలో గాజుల దుకాణం నడిపే భారతక్క గురించి చెప్పాలంటే నాకు ముందు కోపమొస్తుంది. ఆమె మీద కాదు, ఊరి మీద. మూడేళ్ల కింద భర్త పోయినప్పటి నుంచి, పెళ్లివాళ్లు గాజులకొస్తే ఆమె తన సొంత దుకాణంలోనే వెనక గదిలోకి తప్పుకునేది. పక్కన లేసుల కొట్టు నాది కాబట్టి నన్ను పిలిచేది. రంగులు ఎంచి అందించేది ఆమె, పెళ్లికూతురి చేతికి తొడిగేది నేను. ఇదెక్కడి అన్యాయం అని నేను గొడవపడితే, "పోనీ తియ్యే" అనేది.

షుగర్ ఉందని దవాఖానలో చెప్పాక సైకిల్ నేర్చుకుంది. ఆమె మరిది కిషన్ రావు ఆదివారాలు ఒక గుంపును వెంటేసుకుని సైకిళ్ల మీద తిరుగుతాడు. మేమిద్దరం అందులో చేరాం.

మొన్న వానాకాలంలో మడికొండ అవతల, పట్టాలు పీకేసిన పాత గూడ్సు లైను కట్ట దగ్గర అందరం కలిశాం. కిషన్ రావు కూతురు రమ్యకు కొత్త సైకిల్ కొన్నారు. కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ పిల్ల పెడల్ మీద కాలు పెట్టిందో లేదో, ఆలస్యమైన భారతక్క ఎదురుగా తొక్కుకుంటూ వచ్చింది. సరిగ్గా అప్పుడే వాన అందుకుంది.

"ఆగు బిడ్డా!" అన్నాడు కిషన్ రావు. "ఎదురొచ్చింది. అందరు జర కూసోండ్రి. మంచినీళ్లు తాగి బయలెల్లుదం."

శకునం బాగాలేకపోతే కాసేపు కూర్చుని నీళ్లు తాగి లేవడం మన ఇళ్లలో ఉన్నదే. కానీ ఇంట్లో కదా! రెయిన్‌కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు ఆ బురద కట్ట మీద చతికిలబడి, జోరువానలో సీసాలెత్తి మంచినీళ్లు తాగుతుంటే నవ్వాలో తిట్టాలో నాకు తెలియలేదు.

"వదినా, ఏమనుకోకు. నువ్వు అందరికంటే ఎనక రా," అన్నాడతను. "సూడు, వాన సుత మొదలైంది."

భారతక్క సైకిల్ దిగలేదు. ఒక కాలు నేలకానించి నిలబడింది.

"వాన నా మొఖం జూసి పడ్డదా కిషన్? అట్లయితే కరువొచ్చిన ఊర్లోళ్లు నన్ను పిలిచి పీటేసి కూసోబెట్టాలె. మీరు తాగుండ్రి నీళ్లు. నేను పోతాన."

పోయింది! శభాష్ అక్కా అని అరిచి నేనూ వెంటపడ్డాను. "డాడీ, నేను పెద్దమ్మతోని పోతాన!" అని వెనక రమ్య గొంతు వినిపించింది. ఆ పిల్ల మమ్మల్ని అందుకునేసరికి కంకర మీద టైర్లు జారుతున్నాయి, కళ్లలోకి నీళ్లు కొడుతున్నాయి. భారతక్క మాత్రం ఆగలేదు.

కట్ట చివర పాడుబడిన స్టేషన్ దగ్గర మిగతావాళ్లూ వచ్చి కలిశారు. తిరుగు దారిలో కిషన్ రావు అందరినీ తోసుకుని ముందుకెళ్లాడు. గుంపుకు పెద్ద తానే కదా మరి. కట్ట ఇరుకై ఇద్దరు పట్టని చోట భారతక్క అతని వెనక నుంచి బెల్లు కొట్టింది. విననట్టే పోయాడు. మళ్లీ కొట్టింది.

"ఎనక రమ్మన్న గదా వదినా!"

"జరుగు కిషన్," అంది భారతక్క. "మూడేండ్ల సంది నేనే జరుగుతాన."

అతను బురదలోకి కాలు దించి జరిగాడు.