ఒడ్డున పెట్టిన లాంచీకి నీళ్ళు

లాంచీ నదిలో ఉన్నన్నాళ్ళూ దాని ఇంజనుకు నీళ్ళు మోసే ఖర్మ ఎవరికీ పట్టలేదు. పడవ కడుపులో కూర్చున్న ఆ డీజిలు ఇంజను అడుగు గొట్టంతో గోదావరి నీళ్ళు తనే పీల్చుకునేది, ఒళ్ళు చల్లబరుచుకునేది, వెనక పక్కనున్న రంధ్రంలోంచి మళ్ళీ నదిలోకే వదిలేది. తర్లగూడ దగ్గర వంతెన కట్టాక మా రేవుకు జనం రావడం మానేశారు. ట్రాక్టరు కట్టి లాంచీని ఒడ్డు మీదికి లాగించి, మద్ది మొద్దుల మీద నిలబెట్టారు. అప్పటినుంచి గోదావరి చేసే పని నా నెత్తిన పడింది.

మా ఆయన ఆ లాంచీకి యజమాని, నడిపే సరంగు, అన్నీ ఆయనే. వాటాకు వచ్చిన పొలం ఇచ్చేసి తెచ్చుకున్న లాంచీ అది. దాన్ని నడపడం తప్ప ఆయనకు వేరే పని తెలియదు, తెలుసుకోవాలన్న ఆలోచనా లేదు. తహసీలు ఆఫీసులో ఎవరో, వానాకాలం వాగులు పొంగి ఊళ్ళకు దారులు తెగిపోతే వరద డ్యూటీకి పడవ కావాలి, నీది చాలూ హాలతులో, అంటే నడిచే స్థితిలో, ఉంటే తీసుకుంటాం అన్నారట. ఆ ఒక్క మాట పట్టుకుని ప్రతి ఆదివారం ఇంజను తిప్పేవాడు. డ్యూటీ దొరికితే ఆయన మళ్ళీ సరంగు అవుతాడు. నేను నది దాటి మిరపకాయలు ఏరడానికి పోవడం మానేస్తాను. ఇల్లు గడవడం ఇప్పుడు నా కూలి మీదే కాబట్టి, ఆ మాట కోసం ఆయనెంత ఎదురుచూశాడో నేనూ అంతే చూశాను.

నీళ్ళలో లేని ఇంజనును తిప్పడానికి ఒక పద్ధతి ఉంది. అడుగు గొట్టం ఊడదీసి దాని మూతిని డ్రమ్ములో ముంచాలి. గొట్టంలో గాలి లేకుండా ముందే నీళ్ళు నింపాలి. నీళ్ళు లాగే పంపులో రబ్బరు రెక్కలుంటాయి, అవి పొడిగా తిరిగితే చూస్తుండగానే కాలిపోతాయి. ఇంజను అందుకోగానే నేను వెనక్కి పరుగెత్తి, రంధ్రంలోంచి నీళ్ళు పడుతున్నాయో లేదో చూసి చెయ్యెత్తాలి. మొదట ఎర్రటి తుప్పు నీళ్ళు వస్తాయి, తర్వాత తేటబడతాయి. తేటబడ్డాక కూడా ఆయన ఊరుకునేవాడు కాదు. ఇంజను బాగా వేడెక్కేదాకా ఆపడు, అంతసేపూ డ్రమ్ము ఖాళీ కాకుండా నేను పోస్తూనే ఉండాలి.

పైగా నది నీళ్ళు పనికిరావు. వాటిలో ఒండ్రు ఉంటుందట, బోరింగు నీళ్ళే కావాలట. ఎండాకాలం ఆ బోరింగు కొట్టీ కొట్టీ రెక్కలు పడిపోయేవి. వెనక బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఏందక్కా, మాకు తాగనీకి లెవ్వు. నువ్వు పడవకు తానం పోస్తవా?" అంది ఒకామె.

"పడవకు గాదు చెల్లె, నా సవతికి," అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, మిరపకాయలు ఏరిన చేతులు భగ్గున మండుతున్నాయి. బిందె అంచు తగిలితే ప్రాణం విలవిల్లాడేది.

ఒకరోజు నా ఓపిక అయిపోయింది.

"ఏందయ్యా, రాని డ్యూటీకి ఎన్నాళ్ళు పొయ్యాలె ఈ నీళ్ళు?"

"ఇంజను పట్టేసిందంటే మన పని గూడ అయిపోయినట్టేనే. ఈ ఒక్క వానాకాలం చూడు."

ఆ ఒక్క వానాకాలం ఏటేటా వచ్చి పోయింది. ఇంత తిట్టుకుంటూనే, ఇంజను అందుకున్నప్పుడు నాకూ బాగుండేది. ఆ చప్పుడుకు ఆయన నడుం నిటారుగా అయ్యేది. లాంచీ వెనక నీళ్ళు పడే చోట మండుటెండల్లోనూ గరిక పచ్చగా ఉండేది. ఒడ్డంతా ఎండిపోయినా అక్కడ మేత ఉండేది కాబట్టి మా మేకను అక్కడే కట్టేదాన్ని. పోసిన నీళ్ళు మేకకైనా పనికొస్తున్నాయని అనుకునేదాన్ని.

నిరుడు వానలకు ముందు కబురు వచ్చింది. పడవ చూడడానికి తహసీలు ఆఫీసు సాబ్ వస్తున్నాడు. మా ఆయన గడ్డం గీసుకుని, పెట్టె అడుగున ఉన్న ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. నేను కూలికి పోకుండా పొద్దున్నే డ్రమ్ము నింపాను. సాబ్ జీపు దిగాడు. ఆయన వెంట పడవల సంగతి తెలిసిన మనిషి ఒకాయన వచ్చాడు.

ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. నీళ్ళు తేటగా పడుతున్నాయి, నేను చెయ్యెత్తాను. సాబ్ కాసేపు విని, "ఇంజన్ ఏక్ నంబర్ హై," అన్నాడు. మా ఆయన తిరిగి నా వైపు చూశాడు. ఆ చూపు చూసి ఎన్నేళ్ళయిందో. ఇన్ని బిందెల కష్టమూ ఆ క్షణంలో మరిచిపోయాను.

అప్పుడు ఆ రెండో మనిషి లాంచీ వెనక, నీళ్ళు పడే చోట, గొంతుక్కూర్చున్నాడు. గరిక పక్కకు తోశాడు. మొద్దును పట్టుకుని పైకి పాకిన మట్టి గీతను గోటితో రాల్చాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి పడవ అడుగు దూలంలోకి గుచ్చాడు. పిడి దాకా దిగింది. బయటికి లాగితే పొడి రాలింది, దాంతో పాటు తెల్లగా చెదలు రాలాయి. పైన రంగు చెక్కుచెదరలేదు. ముందు దాకా తట్టుకుంటూ పోయాడు, అంతటా డొల్ల చప్పుడే.

రోజూ ఇక్కడే నీళ్ళు పడతాయా అని హిందీలో అడిగాడు. ప్రతి ఆదివారం అని మా ఆయన చెప్పాడు. ఆ తడికే చెదలు వచ్చాయనీ, మొద్దు మీదుగా దూలంలోకి ఎక్కాయనీ ఆ మనిషి మెల్లగా వివరించాడు. "నీచే తో సబ్ ఖతం హై, భాయ్," అన్నాడు, కిందంతా అయిపోయిందని. దీన్ని మళ్ళీ నీళ్ళలోకి దించొద్దు, మనుషులు మునిగిపోతారని సాబ్ చెప్పాడు. కసురుకోలేదు, మంచిగానే చెప్పాడు. జీపు వెళ్ళిపోయింది.

ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. నేను ఇంకా పోస్తూనే ఉన్నాను. ఆయన వచ్చి ఆపాడు.

ఆ రోజు నేను ఏడ్చినంత మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. లాంచీని వరద ముంచలేదు, బండ పగలగొట్టలేదు. దాన్ని బతికించడానికి పోసిన నీళ్ళే దాన్ని తినేశాయి. తిట్టుకుందామంటే తిట్టడానికి మనిషి లేడు. ఆయనను ఏమంటాను? మా మేక ఆ గరికలోనే నిలబడి నములుతోంది. దాన్ని కొట్టబోయి మానుకున్నాను.

ఇంజను ఊడదీసి అమ్ముకోమని ఊళ్ళో అందరూ చెప్పారు. పొలానికి నీళ్ళు పెట్టుకుంటామని భోపాలపట్నం నుంచి అడగడానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆయన వాళ్ళను కూర్చోబెట్టి టీ ఇప్పించి, ఏ సంగతీ చెప్పకుండా పంపించేశాడు.

తర్వాతి ఆదివారం పొద్దున లేచేసరికి ఆయన లాంచీ వెనక ఏదో కడుతున్నాడు. దగ్గరికి పోయి చూశాను. ఎక్కడినుంచో పొడుగాటి గొట్టం తెచ్చి, నీళ్ళు పడే రంధ్రానికి తీగతో బిగిస్తున్నాడు. దాని రెండో కొస దూరంగా ఇసుకలో పడేసి ఉంది.

"ఏందిది?" అన్నాను.

"తడి కట్టెకు తగలొద్దు గదా," అన్నాడు, నా మొహం చూడకుండా.

'ఇప్పుడా?' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. డ్రమ్ము ఖాళీగా ఉంది. బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయాను. అప్పటికే ఆడవాళ్ళు వరస కట్టి ఉన్నారు. నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. తమ బిందెలు పక్కకు జరుపుకుని నాకు దారి ఇచ్చారు. వాళ్ళు తిట్టి ఉంటే బాగుండేది.