ట్రాక్టరుకు తలంటు

దొరసామిరాజా గారి పాత ట్రాక్టరుకు డ్రైవరు బొమ్మయ్య. గేరుబాక్సు నూనె మార్చడమంటే అతని లెక్కలో తలంటు పోయడమే. మగవాళ్ళకు శనివారమే తలంటు కనుక దానికీ శనివారమే. ఆ శుక్రవారం వాన తాగిన చోళపురం చేను మెత్తగా ఊపిరి పీలుస్తోంది. ట్రాక్టరు మాత్రం నీళ్ళు కలిసిన నూనెతో నాగలి పైకెత్తలేక మూలుగుతోంది. రేపటికి పదును ఆరిపోతుంది. రాజా కొత్త నూనె డబ్బాతో వచ్చి, "ఈ పొద్దే మార్చప్పా," అని బతిమాలాడు.

"శనివారం దాకా తాళండి సామీ."

అన్నం తెచ్చిన బొమ్మయ్య భార్య పొన్నమ్మాళ్ నవ్వింది. "నడుమున అంత బరువు మోస్తా, మూలుగుతానే పని చేసేది మగదని నీకెవరయ్యా చెప్పినారు? ఆడవాళ్ళకు శుక్రవారమే గదా!"

బొమ్మయ్య ట్రాక్టరు వైపు చూసి సిగ్గుతో తల దించుకున్నాడు. అన్నం మూట కట్టిన పాత చీర విప్పి ట్రాక్టరు చుట్టూ కట్టి, నూనె వదిలే అడుగు బోల్టు మీద చెయ్యి వేసి ఆగాడు.

"సామీ, మీరట్ల తిరుక్కోండి."